డాబా మీద ఇంటిల్లిపాదీ కూర్చునే చోటు: ముందు చూసుకోవలసినవి

కుర్చీలు, కుండీలు కొనకముందే శ్లాబు ఎంత బరువు మోయగలదో ఇంజినీరును అడిగి తెలుసుకోవాలి. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణాలు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు భారాన్నే లెక్కిస్తాయి; అన్ని వైపులా అడుగు కొలత ఉన్న కుండీలో తడి మట్టే 45 కిలోలు దాటుతుంది గనుక, పెద్ద కుండీలను నడిమధ్యన గుంపుగా పెట్టకుండా, దూలాల మీదుగా విడివిడిగా ఉంచాలి.

చెక్క పలకలు పరచేముందు బిందెడు నీళ్లు పోసి, అవి ఎటు పారుతున్నాయో, గంట తర్వాత ఎక్కడ నిలిచాయో చూడాలి. నిలిచిన చోట వాలు సరిచేయించి, పగుళ్లు పూడ్పించాకే పలకలు వేయాలి. తూము దగ్గరి పలక చేత్తో ఎత్తి తీసేలా ఉండాలి, లేకుంటే మొదటి వానకే ఆకులు అడ్డుపడతాయి.

పిల్లలున్న ఇంట్లో నేను అన్నిటికన్నా పట్టుబట్టేది పిట్టగోడ గురించే. మీటరు ఎత్తు గోడ పక్కన 45 సెంటీమీటర్ల బల్ల వేస్తే, దానిపై నిలబడిన పిల్లవాడికి మిగిలే అడ్డు 55 సెంటీమీటర్లే. కాబట్టి బల్లలు, ఎక్కడానికి వీలయ్యే కుండీలు గోడకు దూరంగానే ఉండాలి.

దీపాలకు వాన తగిలినా తట్టుకునే అమరికలు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. కోస్తాలో ఉండేవారు అక్టోబరు, నవంబరు తుపాన్లకు ముందే విప్పదీయగల నీడ గుడ్డనే ఎంచుకోవాలి.