401కేలో ప్రీ-ట్యాక్సా, రోతా? అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో హెచ్‌ఆర్ పంపే మెయిళ్లలో 401కే (రిటైర్మెంట్ కోసం జీతంలోంచి కంపెనీ ద్వారా దాచుకునే ఖాతా) గురించి ఒకటి ఉంటుంది. ఇన్సూరెన్సు, బ్యాంకు ఖాతా, అపార్ట్‌మెంట్ టెన్షన్‌లో దాన్ని చాలామంది తర్వాత చూద్దామని వదిలేస్తారు. కొన్ని కంపెనీలు తామే చేర్చేసి, జీతంలో కొంత శాతం ప్రీ-ట్యాక్స్‌లో పట్టుకోవడం మొదలుపెడతాయి. అలా వదిలేయకండి. ఒక సాయంత్రం దీనికోసం కూర్చోండి.

ముందు మన పీఎఫ్ లెక్కను పక్కన పెట్టాలి. పీఎఫ్‌లో ఐదేళ్ల సర్వీసు దాటాక తీసుకుంటే సాధారణంగా పన్ను ఉండదు. ఇక్కడ ప్రీ-ట్యాక్స్‌లో వేసిన డబ్బుకు ఇవాళ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కానీ, తీసుకునే రోజున అసలుకూ లాభానికీ కలిపి కట్టాలి. రోత్‌లో పన్ను ఇవాళే కట్టేస్తారు. ఖాతాకు ఐదేళ్లు నిండి, మీకు 59½ ఏళ్లు దాటాక తీసుకుంటే లాభం మీద కూడా అమెరికాలో పన్ను ఉండదు. రెండింట్లో కలిపి మీరు వేయగలిగేది, 50 ఏళ్లలోపు వారికి, 2025లో 23,500 డాలర్లు.

లెక్క చూద్దాం. పెళ్లికానివారు, ఏడాదికి 90,000 డాలర్ల జీతం. స్టాండర్డ్ డిడక్షన్ 15,750 తీసేస్తే 2025లో ఫెడరల్ పన్ను 22 శాతం స్లాబులో పడతారు. నెలకు 500 ప్రీ-ట్యాక్స్‌లో వేస్తే చేతికొచ్చే జీతం 390 మాత్రమే తగ్గుతుంది. అదే 500 రోత్‌లో వేస్తే పూర్తిగా 500 తగ్గుతుంది. కాలిఫోర్నియాలాంటి చోట రాష్ట్ర పన్ను కూడా ఉంటుంది కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. టెక్సస్, వాషింగ్టన్‌లలో జీతం మీద రాష్ట్ర పన్నే లేదు.

కొత్తవాళ్లు గమనించని సంగతి ఒకటుంది. ఆగస్టులో చేరితే ఆ ఏడాది మీకు వచ్చేది ఐదు నెలల జీతమే, అంటే 37,500. డిడక్షన్ అసలు లేదనుకున్నా అది 12 శాతం స్లాబు దాటదు. పన్ను ఇంత తక్కువగా పడే ఏడాది మీకు మళ్లీ రాకపోవచ్చు. ఆ డిసెంబరు వరకూ రోత్‌లో వేయమనే నేను చెబుతాను. జనవరి నుంచి పూర్తి జీతం వస్తుంది, అప్పుడు మళ్లీ ఆలోచించుకోవచ్చు.

401కే పోర్టల్‌లో ఇంకో వరుస కూడా కనిపించవచ్చు: ఆఫ్టర్-ట్యాక్స్. ఇది రోత్ కాదు. నేను మొదటి ఏడాది రెండూ ఒకటే అనుకుని దాన్నే ఎంచుకున్నాను. డిసెంబరు పే స్టబ్‌లో (జీతం స్లిప్‌లో) రోత్ ఎదురుగా సున్నా చూసి, ఫోన్ చేసి అడిగితే అప్పుడు తెలిసింది. ఆఫ్టర్-ట్యాక్స్‌లో పన్ను ముందే కట్టినా, రోత్‌లోకి మార్చుకోకపోతే లాభం మీద మళ్లీ కట్టాలి. కంపెనీ మ్యాచ్, అంటే మీరు వేసినదానికి కంపెనీ తన వంతుగా కలిపేది కూడా చాలా చోట్ల దానికి రాదు.

మ్యాచ్ విషయంలో మాత్రం తర్జనభర్జన వద్దు. జీతంలో 6 శాతం వరకూ మీరు వేసినదానికి సగం కంపెనీ వేస్తుందంటే, 90,000 జీతానికి అది 2,700 డాలర్లు. ప్రీ-ట్యాక్సో రోతో తేలకపోయినా, ఆ 6 శాతం ముందు మొదలుపెట్టేయండి. వెస్టింగ్, అంటే కంపెనీ వేసింది పూర్తిగా మీ సొంతమయ్యే గడువు, ఎన్నేళ్లో అడగండి. అది పూర్తికాకముందే ఉద్యోగం మారితే కంపెనీ వేసినదాంట్లో కొంత పోతుంది. మీరు వేసింది ఎప్పుడూ మీదే.

ఇక తిరిగి వెళ్లే ఆలోచన. నాలుగైదేళ్లలో హైదరాబాదో విజయవాడో వెళ్లిపోతామని గట్టిగా అనుకున్నవారు, మొదటి అరకొర ఏడాది తర్వాత ప్రీ-ట్యాక్స్ వైపే మొగ్గడం మేలని నా అభిప్రాయం. రోత్‌కు అమెరికా ఇచ్చే మినహాయింపును ఇండియా కూడా ఇచ్చి తీరాలని లేదు. మీరు మళ్లీ అక్కడ రెసిడెంట్ అయ్యాక ఇండియా చట్టమే మీకు వర్తిస్తుంది. 2021 ఫైనాన్స్ యాక్ట్ సెక్షన్ 89ఏ అనే వెసులుబాటు తెచ్చింది. దాన్ని ఎంచుకుంటే ఈ ఖాతాల లాభం మీద ఏటా కాకుండా, డబ్బు తీసుకునేటప్పుడు పన్ను పడుతుంది. అది వాడుకునే ముందు రెండు దేశాల పన్నులూ తెలిసిన సీఏతో మాట్లాడండి.

విమానం ఎక్కే ముందు కంగారుపడి ఖాతా ఖాళీ చేయకండి. 59½ లోపు తీసుకుంటే ప్రీ-ట్యాక్స్ డబ్బు మీద పన్నుతో పాటు సాధారణంగా 10 శాతం పెనాల్టీ కూడా కట్టాలి. దేశం వదిలి వెళ్లినా ఖాతా ఉంచుకోవచ్చు. నిల్వ మరీ తక్కువైతే మాత్రం కొన్ని ప్లాన్లు బయటికి పంపేస్తాయి, కాబట్టి ఆ నియమం ముందే కనుక్కోండి.

శాతం మార్చాక, తర్వాతి రెండు పే స్టబ్‌లు తెరిచి చూడండి. మీరు ఎంచుకున్న పేరు ఎదురుగానే అంకె పడిందా లేదా అని.