టూల్ బాక్సులో పానాలు తుప్పు పడుతున్నాయా? కొత్త బాక్సు కొనేముందు ఇది చూడండి

పానాలు తుప్పు పట్టాయంటే చాలామంది తప్పు బాక్సు మీద వేస్తారు. ఇనప బాక్సు ఉన్నవాళ్ళు ప్లాస్టిక్‌ది కొంటారు, ప్లాస్టిక్‌ది ఉన్నవాళ్ళు అయిదు అరల ఇనప బాక్సు కొంటారు. పానాలు అవే, బాక్సు పెట్టే మూల కూడా అదే. వానాకాలం వచ్చేసరికి కథ మళ్ళీ మొదటికే వస్తుంది. డబ్బులు తీసేముందు బాక్సు మొత్తం కింద పోసి, ఏ సామాను మీద, ఏ వైపున తుప్పుందో ఒక్కసారి చూడండి. ఈ ఒక్క పనీ ఎవరూ చేయరు. సగం జవాబు అక్కడే ఉంటుంది.

పట్టుకునే చోట మాత్రమే, వేళ్ళ ఆకారంలో మచ్చలు

అది చెమట. చెమటలో ఉప్పుంటుంది. మే నెలలో బెజవాడలో బండి విప్పినవాళ్ళ చేతులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. పని అయ్యాక బనియన్ గుడ్డకి రెండు చుక్కలు మిషన్ ఆయిల్ వేసి తుడిచి లోపల పెట్టండి.

అడుగు అరలో మాత్రమే, కింది వైపు

బాక్సు నేరుగా సిమెంటు నేల మీద ఉంటుంది, లేదా అడుగున ఫోమో పాత గుడ్డో పరిచి ఉంటుంది. ఫోమ్ చూడ్డానికి బాగుంటుంది కానీ తడిని పట్టుకుని వదలదు. దాన్ని తీసి పారేసి, బాక్సు కింద రెండు చెక్క ముక్కలు పెట్టండి. తడి పానాని అలాగే లోపల పడేసి మూత బిగించేవాళ్ళకి ఇంకో మాట: గాలి చొరబడని బాక్సు అయితే తడి బయటికి పోయే దారి కూడా ఉండదు. అలాంటప్పుడు ఖరీదైన బాక్సులోనే తుప్పు ఎక్కువ.

అన్నిటికీ, అన్ని వైపులా, వాడని వాటికి కూడా

అసలు తిప్పలు పెట్టేది ఇదే. నిన్నమొన్న కొన్న సాకెట్ సెట్టు, చెయ్యి కూడా పడనిది, కొద్ది రోజుల్లో నారింజ రంగు పొడి పట్టి ఉంటుంది. క్రోమ్ పూత ఉన్నవి కూడా మచ్చలు తేలతాయి. బాక్సు రివెట్లు, కీళ్ళు కూడా ఎర్రబడతాయి. పై అర, కింది అర అన్న తేడా ఉండదు. ఇది చూడగానే అందరూ అనే మాట, 'కృష్ణ పక్కన ఊరు కదండీ, గాలిలో తేమ ఎక్కువ.' తేమ ఊరంతటికీ ఒకటే. మరి పక్కింటాయన పానాలు ఎందుకు మెరుస్తున్నాయి?

బాక్సు చుట్టూ ఏం పెట్టారో చూడండి. మన ఫ్లాట్లలో వాష్ ఏరియా అంటే అన్నిటికీ అదే గోడౌన్. బాత్రూం కడిగే యాసిడ్ సీసా, బ్లీచింగ్ పౌడర్ ప్యాకెట్, ఒక్కోసారి ఇన్వర్టర్ బ్యాటరీ, వాటి పక్కనే టూల్ బాక్సు. వీధిలో లూజుగా అమ్మే యాసిడ్ హైడ్రోక్లోరిక్ యాసిడ్. మూత పెట్టినా దాని ఆవిరి కొద్దికొద్దిగా బయటికి వస్తూనే ఉంటుంది. గాలిలో తేమతో కలిసి ఇనుము మీద కూర్చుంటుంది. క్రోమ్ పూతలో కంటికి కనపడని సందులుంటాయి, వాటిలోంచి కిందికి దిగుతుంది. బ్లీచింగ్ పౌడర్‌ది కూడా ఇదే బాపతు, దాన్నుంచి వచ్చేది క్లోరిన్. మనం యాసిడ్ వాసనకి అలవాటు పడిపోతాం కాబట్టి ముక్కుని నమ్ముకోవద్దు.

ఆటోనగర్ షెడ్లలో దోషి వేరు. బ్యాటరీలో ఉండే సల్ఫ్యూరిక్ యాసిడ్ ఊరికే ఆవిరవదు. కానీ ఛార్జింగ్ పెట్టినప్పుడు లోపల బుడగలు లేస్తాయి, అవి పగిలి యాసిడ్ తుంపరలు గాలిలోకి వస్తాయి. ఛార్జర్ పక్కనే టూల్ ట్రాలీ నిలబెట్టి, 'ఈ కంపెనీ పానాలు దండగ' అని తిట్టేవాళ్ళని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

అనుమానం తీరాలంటే పూత లేని రెండు ఇనప మేకులు తీసుకుని ఎమరీ పేపర్‌తో రుద్దండి. ఒకటి బాక్సులో, ఇంకొకటి పడగ్గదిలో అల్మరా మీద పెట్టండి. వారం తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. బాక్సులోది ఎర్రబడి, రెండోది అలాగే ఉంటే దొంగ ఆ మూలలోనే ఉన్నాడు.

మూత గట్టిగా బిగిస్తే సరిపోదు, సీసానే అక్కడినుంచి తీసేయాలి. బాక్సుని వేరే గదిలోకి మార్చినా సరే. యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ మాత్రం ఒకే చోట పెట్టొద్దు. అవి కలిస్తే వచ్చే గ్యాస్ ముందు మన ఊపిరితిత్తుల పని పడుతుంది.

సీసా పోయినా పానాల మీద కూర్చున్నది పోదు. బకెట్ నీళ్ళలో వంట సోడా కలిపి సామాను ముంచి తీయండి, మంచినీళ్ళతో బాగా కడగండి, వెంటనే తుడిచి ఎండలో పెట్టండి. రబ్బరు పిడులున్నవి ఎక్కువసేపు ఎండలో ఉంచొద్దు. ఆరాక వైర్ బ్రష్‌తో రుద్ది, పల్చగా నూనె పట్టించండి. ఖాళీ బాక్సుని కూడా సోడా నీళ్ళ గుడ్డతో తుడవాలి, ఇది మర్చిపోతే చేసిన పనంతా వృథా.

నూనె అంటే మిషన్ ఆయిల్. ఇంజన్‌లోంచి తీసిన పాత ఆయిల్ రాయొద్దు, అందులోనే యాసిడ్ ఉంటుంది. వంటనూనె కొన్నాళ్ళకి జిగురవుతుంది. ఆకురాయికి అసలు నూనె వద్దు, సుద్ద రుద్దితే చాలు.

శుభ్రం చేసిన మర్నాడే మళ్ళీ తుప్పు

దేంతో శుభ్రం చేశారు? బాత్రూం యాసిడ్‌తోనో, చింతపండు పులుసులో నానబెట్టో అయితే తుప్పు పోయి ఉంటుంది, పులుపు మిగిలి ఉంటుంది. పైన చెప్పిన సోడా నీళ్ళే దీనికీ మందు. గట్టి ఉక్కుతో చేసిన సాకెట్లని, బిట్లని యాసిడ్‌లో నానబెడితే పెళుసుబారి విరిగే ప్రమాదం కూడా ఉంది.

వరదలో మునిగినవి

2024 సెప్టెంబరులో బెజవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు చాలా ఇళ్ళలో టూల్ బాక్సులు రోజుల తరబడి బురదలో ఉన్నాయి. బురద మీదే నూనె స్ప్రే కొడితే తడి లోపల ఇరుక్కుంటుంది. ముందు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె. రాచెట్ (సాకెట్‌ని తిప్పే పళ్ళ పిడి) విప్పి లోపల గ్రీజు మార్చకపోతే పళ్ళు పట్టేస్తాయి. కటింగ్ ప్లయర్ కీలులో నూనె వేసి తెరిచి మూయండి.

ఇక మిగిలినవి అరుదు. నాసిరకం పూత అయితే పొరలుగా ఊడుతుంది, చూడగానే తెలుస్తుంది. పులుపు వాసన వచ్చే సిలికాన్ ట్యూబు తెరిచి లోపల పెట్టి ఉంటే తీసేయండి. సిలికా జెల్ పొట్లాలు మన వానాకాలంలో తొందరగా నిండిపోతాయి, వేడి చేసి ఆరబెట్టే ఓపిక ఉంటేనే పెట్టండి.

ఇవన్నీ అయ్యాక కూడా బాక్సు మార్చాలనే ఉంటే, ఇంటికి ట్రే ఉన్న ప్లాస్టిక్‌ది చాలు. రోజూ మోసేవాళ్ళకి ఇనప అరలదే మేలు, కొనేటప్పుడు నింపిన బరువుకి పిడి తట్టుకుంటుందో లేదో చూసుకోండి.