ఇంట్లో, ఆఫీసులో నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఏప్రిల్ చివరి వారంలో బడులకు తాళాలు పడతాయి. జూన్ రెండో వారం వరకు, తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే హైదరాబాద్ ఇళ్లలో పిల్లలకు పగలంతా కంప్యూటరే తోడు. సికింద్రాబాద్‌ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దుకాణాల్లోనూ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ అప్పుడు వినిపించే ప్రశ్న ఒకటే: పిల్లలు నెట్‌లో ఏం చూస్తున్నారో తెలిపే మంచి సాఫ్ట్‌వేర్ ఏది? చిన్న ఆఫీసులు నడిపేవారు తమ సిబ్బంది గురించి ఇదే మాట ఏడాది పొడవునా అడుగుతుంటారు.

నేను చెప్పేది ఒక్కటే. ఆ సాఫ్ట్‌వేర్ ఏమేం చూడగలదో తర్వాత అడగండి. చూసినదంతా ఎక్కడ దాస్తుంది, అది ఎవరెవరి చేతికి అందగలదు అని ముందు అడగండి. దీనికి సూటిగా జవాబు చెప్పలేని సరుకు ఎంత చవకగా దొరికినా ఇంటికి తేకండి.

వీటి పనితీరు కాస్త తెలిసి ఉండాలి. రౌటర్ దగ్గర లేదా డీఎన్‌ఎస్ (వెబ్‌సైటు పేరును దాని అంకెల చిరునామాగా మార్చే వ్యవస్థ) దగ్గర కాపలా కాసేవి, ఏ వెబ్‌సైటు తెరిచారో పేరు వరకే చెబుతాయి. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ, దారిలో ఎవరూ చదవకుండా సమాచారాన్ని గుప్తీకరించే హెచ్‌టీటీపీఎస్‌తో నడుస్తాయి కాబట్టి లోపల ఏ పేజీ చదివారో, ఏం రాశారో వాటికి తెలియదు. బ్రౌజర్ చరిత్రను సేకరించేవి ఇంకొంచెం లోతుకు వెళ్తాయి. మూడో రకం కంప్యూటర్ లోపలే కూర్చుని కొన్ని నిమిషాలకోసారి స్క్రీన్‌షాట్ తీస్తుంది, కీబోర్డు మీద నొక్కిన ప్రతి అక్షరాన్నీ రాసుకుంటుంది. ఆ స్క్రీన్‌షాట్లు మీ దగ్గరే ఉండవు. చాలావరకు కంపెనీ అద్దెకు తీసుకున్న సర్వర్‌కు వెళ్తాయి, మీరు డ్యాష్‌బోర్డు తెరిచి అక్కడి నుంచి చూస్తారు.

దీని పర్యవసానం హిమాయత్‌నగర్‌లోని ఒక చిన్న అకౌంట్స్ ఆఫీసులో కళ్లారా చూశాను. సిబ్బంది పని వేళల్లో ఏం చేస్తున్నారో తెలుసుకోవాలని యజమాని ఒక సాఫ్ట్‌వేర్ పెట్టించారు. డ్యాష్‌బోర్డులో వరుసగా బొమ్మలు: టాలీలో ఓచర్లు, ఖాతాదారుల పాన్ కార్డులు, జీఎస్‌టీ పోర్టల్ లాగిన్. మధ్యలో ఒక బొమ్మ దగ్గర ఆయన ఆగిపోయారు. మధ్యాహ్నం అదే కంప్యూటర్ ముందు కూర్చుని ఆయన తెరిచిన సొంత బ్యాంకు ఖాతా పేజీ అది. ఖాతాలోని నిల్వతో సహా కనిపిస్తోంది. పక్కన కీబోర్డు నమోదుల జాబితాలో ఆయన యూజర్ పేరు, దాని కిందే పాస్‌వర్డ్. ఉద్యోగుల కోసం పెట్టిన కన్ను అందరినీ ఒకేలా చూస్తుంది. పైగా ఆ ఖాతాదారులెవరూ తమ పాన్ వివరాలు ఎక్కడో ఉన్న సర్వర్‌కు వెళ్లడానికి ఒప్పుకోలేదు.

ఆ సర్వర్లు భద్రంగా ఉంటాయన్న నమ్మకానికి ఆధారం లేదు. పీసీ టాటిల్‌టేల్ అనే అమెరికన్ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ తెరను బొమ్మలుగా తీసి పంపేది. కొన్ని హోటళ్ల చెకిన్ కంప్యూటర్లలో కూడా అది ఉండటంతో అతిథుల బుకింగ్ వివరాల బొమ్మలు బయటపడ్డాయని 2024 మేలో తేలింది. కొద్ది రోజులకే హ్యాకర్ ఆ కంపెనీ వెబ్‌సైటును చిందరవందర చేసి సమాచారాన్ని బయట పెట్టాడు, కంపెనీ మూతపడింది. ఉద్యోగుల పర్యవేక్షణకు వాడే వర్క్‌కంపోజర్ విషయంలో 2 కోట్లకు పైగా స్క్రీన్‌షాట్లు రక్షణ లేని ఆన్‌లైన్ నిల్వలో కనిపించాయని 2025 ఏప్రిల్‌లో బయటికి వచ్చింది. ఫోన్లపై నిఘా వేసే ఎమ్‌స్పై నుంచి సమాచారం ఒకటికి మించి సార్లు లీకైంది. అలాంటిదే అయిన స్పైఫోన్ కంపెనీని, వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో నిఘా వ్యాపారం నుంచే నిషేధించింది. కాబట్టి కొనే ముందు ఆ కంపెనీ పేరు పక్కన ‘లీక్’, ‘హ్యాక్’ అన్న మాటలు చేర్చి వెతకండి. కంపెనీ చిరునామా, అసలు యజమానులెవరన్నది వెబ్‌సైటులో దొరకకపోతే అక్కడితో ఆపేయండి.

ఇక చట్టం. ఈ విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. కంప్యూటర్ మీది కాకపోతే, దాని యజమానికి తెలియకుండా ఇలాంటిది పెట్టడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేసినట్టు రుజువైతే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఒక మహిళ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకాన్ని పురుషుడు నిఘా వేసి గమనించడాన్ని భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ నేరంగా చెబుతుంది. మొదటిసారి 3 ఏళ్ల వరకు, మళ్లీ చేస్తే 5 ఏళ్ల వరకు జైలు. భార్య ల్యాప్‌టాప్ కదా, కాబోయే కోడలు ఫోన్ కదా అనుకునేవారు ఈ సెక్షన్లన్నీ చదవాలి. భార్యాభర్తల వివాదంలో రహస్యంగా రికార్డు చేసిన ఫోన్ సంభాషణలను సాక్ష్యంగా స్వీకరించవచ్చని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పిన మాట నిజమే. అది కోర్టులో సాక్ష్యం గురించిన తీర్పు. భాగస్వామి కంప్యూటర్‌లో కీలాగర్ (నొక్కిన అక్షరాలను రాసుకునే సాఫ్ట్‌వేర్) పెట్టుకోవడానికి ఇచ్చిన అనుమతిగా దాన్ని తీసుకోకండి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని అదే న్యాయస్థానానికి చెందిన తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తేల్చింది.

సొంత కంప్యూటరే, వాడేవారికీ చెప్పారు అనుకుందాం. అప్పుడు కూడా నేరుగా రోజూ వాడే కంప్యూటర్‌లో పెట్టకండి. ముఖ్యమైనవేవీ లేని పాత కంప్యూటర్‌లో ట్రయల్ వేయండి. ఏదైనా లాగిన్ పేజీ తెరిచి ఒక ఉత్తుత్తి పాస్‌వర్డ్ కొట్టి, డ్యాష్‌బోర్డులో అది అక్షరం అక్షరం కనిపిస్తోందా చూడండి. కనిపిస్తే కీబోర్డు నమోదును ఆపే వీలుందా, బ్యాంకు సైట్లను మినహాయించే వీలుందా వెతకండి. స్క్రీన్‌షాట్లు ఎన్నాళ్లు ఉంచుతారు, మీరు చెరిపితే సర్వర్‌లోనూ పోతాయా అని కంపెనీకి ఈమెయిల్ రాసి జవాబు తెప్పించుకోండి. డ్యాష్‌బోర్డు ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడగడం) లేకపోతే వద్దు. మీ ఒక్క పాస్‌వర్డ్ పోతే ఇల్లంతా బయటపడుతుంది.

చాలామంది చూడని చోటు ఇంకొకటి ఉంది. హెచ్‌టీటీపీఎస్ లోపలికి తొంగిచూడటానికి కొన్ని సాఫ్ట్‌వేర్లు కంప్యూటర్‌లో తమ సొంత రూట్ సర్టిఫికెట్‌ను (ఏ సైటు అసలుదో బ్రౌజర్ తేల్చుకోవడానికి ఆధారమైన డిజిటల్ పత్రం) చొప్పిస్తాయి. దాని రహస్య తాళంచెవి బయటికి పొక్కితే నకిలీ బ్యాంకు సైటును కూడా మీ బ్రౌజర్ అసలుదని నమ్ముతుంది. 2015లో లెనోవో ల్యాప్‌టాప్‌లలో ముందే ఎక్కించిన సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ ఇలాంటి ప్రమాదమే తెచ్చింది. అన్ని యంత్రాల్లోనూ తాళంచెవి ఒకటే. అందుకని ట్రయల్ వేసే ముందు విండోస్ సర్టిఫికెట్ మేనేజర్‌లో నమ్మకమైన రూట్ అధికార సంస్థల జాబితాను ఫొటో తీసి ఉంచుకోండి, తర్వాత పోల్చి చూడండి. సాఫ్ట్‌వేర్‌ను తొలగించాక మరోసారి చూడండి. సర్టిఫికెట్, ప్రాక్సీ సెట్టింగు (నెట్ రాకపోకలను మరో చోటి మీదుగా మళ్లించేది), కంప్యూటర్ ఆన్ కాగానే మొదలయ్యే ప్రోగ్రాము మిగిలిపోతే ఆ సరుకు మీకు పనికిరాదు.

యాంటీవైరస్ ఆపేస్తేనే పని చేస్తుందని అమ్మేవారు చెబితే దండం పెట్టి వచ్చేయండి. ఉచితంగా దొరికే పైరసీ కాపీ సంగతి చెప్పే పనే లేదు. మీరు ఇంకొకరిని చూస్తుంటే దాన్ని తయారు చేసినవాడు మిమ్మల్ని చూస్తాడు. ‘ఎవరికీ కనిపించదు’ అన్న మాటనే గొప్పగా ప్రకటించుకునేవి కూడా వద్దు. చెప్పి చేయాల్సిన పనికి దాక్కునే పనిముట్టు అక్కర్లేదు.

పిల్లల కోసమైతే డబ్బు పెట్టకముందే ఉచితంగా ఉన్నవి సరిపోతాయేమో చూడండి. విండోస్ కంప్యూటర్‌కు మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ, ఆండ్రాయిడ్‌కూ క్రోమ్‌బుక్‌కూ గూగుల్ ఫ్యామిలీ లింక్, ఆపిల్ పరికరాలకు స్క్రీన్ టైమ్. సమయ పరిమితి, సైట్ల వడపోత వీటిలోనే ఉన్నాయి. ఫ్యామిలీ సేఫ్టీ వడపోత ఎడ్జ్ బ్రౌజర్‌లోనే పని చేస్తుందని మాత్రం గుర్తుంచుకోండి. రౌటర్‌లో డీఎన్‌ఎస్ చిరునామాలుగా క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.3, 1.0.0.3 ఇస్తే అశ్లీల సైట్లు, మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) సైట్లు చాలావరకు ఆగిపోతాయి. ఏం చూశారన్న చిట్టా మీ దగ్గర పోగుపడదు. ఎనిమిదేళ్ల పిల్లకు ఇది చాలు. ఎప్‌సెట్ (పాత ఎంసెట్) ర్యాంకు కోసం చూస్తున్న పదిహేడేళ్ల కుర్రాడు మొబైల్ డేటాతోనో, వేరే సర్వర్ మీదుగా నెట్ నడిపే వీపీఎన్‌తోనో దీన్ని పది నిమిషాల్లో దాటేస్తాడు. వాడి దగ్గర కూర్చుని ఏది చూస్తాను, ఏది చూడను అన్నది ముందే చెప్పండి. స్నేహితులతో చాటింగ్ చదవనని మాటిస్తే దానికి కట్టుబడండి. ఎవరైనా బెదిరించినా, ఫొటో అడిగినా మీ దగ్గరికి వచ్చే దారి తెరిచి ఉండటమే మీకు కావాల్సింది. రహస్య నిఘా బయటపడిన రోజున ఆ దారి మూసుకుపోతుంది.

ఆఫీసుల్లో నియామక పత్రంలోనో విడి కాగితంలోనో రాసి సంతకం తీసుకోండి: ఏ కంప్యూటర్లు, ఏ వేళల్లో, ఏం నమోదవుతుంది, ఎవరు చూస్తారు, ఎన్ని రోజుల తర్వాత చెరిపేస్తారు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దశలవారీగా అమలులోకి వస్తోంది. ఉద్యోగ అవసరాలకు, సంస్థకు నష్టం రాకుండా చూసుకోవడానికి సమాచారం వాడుకునే వెసులుబాటు అందులో ఉంది. కానీ సమాచారాన్ని భద్రంగా ఉంచడంలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు వెళ్లవచ్చు. ఏ సైట్లలో ఎంతసేపు ఉన్నారన్న లెక్క సరిపోయే చోట స్క్రీన్‌షాట్లు తీయకండి. ఉద్యోగి సొంత ల్యాప్‌టాప్ జోలికి అసలు పోకండి.

మీ కంప్యూటర్‌లోనే ఎవరో ఇలాంటిది పెట్టారని అనుమానం వస్తే, ముఖ్యంగా ఇంట్లో మీకు భయం ఉంటే, కనబడగానే తొలగించకండి. తొలగించినట్టు పెట్టినవారికి వెంటనే తెలిసిపోవచ్చు, ఆధారం కూడా పోతుంది. మీరు నమ్మే వారి ఫోను నుంచి మహిళల సహాయ సంఖ్య 181కి గానీ షీ టీమ్స్‌కు గానీ చెప్పండి. బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు కూడా ఆ వేరే పరికరం నుంచే మార్చండి. అనుమానం ఉన్న కంప్యూటర్‌లో కొత్త పాస్‌వర్డ్ కొడితే అదీ నమోదైపోతుంది. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.