యుద్ధం గేమ్‌లో కథకు, ఆటకు పొత్తు కుదరాలంటే
తిరుపతిలో కూర్చుని చంద్రగిరి కోట ముట్టడి మీద టర్న్ బేస్డ్ గేమ్ (వంతులవారీగా ఎత్తులు వేసే ఆట) చేస్తుంటే నాకు తెలిసొచ్చింది ఒకటే: కథలో సైనికుడు పోతే అందరూ ఏడుస్తారు, ఆటలో మాత్రం నాలుగు నాణేలకు ఇంకొకణ్ణి కొనేస్తాం, అక్కడే కథ తేలిపోతుంది. అందుకే ముందు రూల్స్ రాసుకోండి, డైలాగులు తర్వాత.

కథ విషాదమైతే యూనిట్లు, అంటే ఆటగాడు నడిపే సైనికులు, తక్కువ ఇవ్వండి, ప్రతివాడికీ పేరు, ఊరు పెట్టండి, పోయినవాడు తిరిగి రాకూడదు. 1990లో మొదటి ఫైర్ ఎంబ్లమ్ గేమ్ దాదాపు ఇదే చేసింది. 2008లో అడ్వాన్స్ వార్స్: డేస్ ఆఫ్ రూయిన్ అనే గేమ్ తన సిరీస్ కథను చీకటిగా మార్చి, కమాండర్ల పవర్లనూ బాగా తగ్గించింది, చాలా సరైన పని. సరదా కథైతే యూనిట్లు ధారాళంగా ఇచ్చేయండి.

ఎత్తు ఆలోచిస్తున్నవాడికి పొడుగు సంభాషణ పెట్టకండి, టెన్షన్‌లో చదవడు. టర్న్ ముగిశాక రెండు వాక్యాలు చాలు.