లీవుకొచ్చిన జవానుని ఆ మాట అడిగే ముందు జాగ్రత్తలు

సికింద్రాబాద్‌లో తిరుమలగిరి, బొల్లారం వైపు ఫౌజీ ఇళ్లు చాలా ఉంటాయి కదా, తమ్ముడో బావో లీవుకొచ్చి మనిషే మారిపోయినట్టు అనిపిస్తే ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయా అని అడగాలి, కానీ ముందు ఇవి చూస్కోండి.

– గంట టైం పెట్టుకోండి, ఫోన్ పక్కన పడెయ్యండి. అమ్మ, పిల్లలు చుట్టూ ఉంటే ఫౌజీ నోరు విప్పడు, "సబ్ ఠీక్ హై" అనేసి లేచిపోతాడు.

– డొంకతిరుగుడు వద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని అడిగితే లేని ఆలోచన పుడ్తుందని చాలామంది భయం, అలా ఏం పుట్టదు. ఆత్మహత్య రిస్క్ ఎంతుందో చూడ్డానికి డాక్టర్లు వాడే కొలంబియా స్కేల్ అనే ప్రశ్నల లిస్టులో కూడా ఇదే అడుగుతారు, చావాలని కోరిక ఉందా, ఆలోచనలొస్తున్నాయా, ఎలా అని అనుకున్నాడా, చేసేద్దామనే ఉందా, ఇంతకుముందు ట్రై చేశాడా, ఒకదాని తర్వాత ఒకటి.

– నిద్ర, తాగుడు, అప్పులు, ఊళ్లో భూమి తగాదా, ఇంట్లో గొడవ... ఇవీ కదపండి.

– ఎవ్వరికీ చెప్పనని ఒట్టెయ్యొద్దు!!

– ప్లాన్ ఉందన్నాడంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు, మిలిటరీ హాస్పిటల్‌కో దగ్గర్లో ఎమర్జెన్సీకో తీస్కెళ్లండి, 112 ఉంది. ఎర్రగడ్డ మెంటల్ హాస్పిటల్ అంటే జనం జోకులేస్తారు, వేసుకోనివ్వండి. డ్యూటీలో ఉంటే కొన్నాళ్లు ఆయుధం చేతికివ్వొద్దని ఆఫీసర్‌తో మాట్లాడండి, అది పనిష్మెంట్ కాదని వాడికీ చెప్పండి.

– 14416 ముందే సేవ్ చేస్కోండి, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, 24 గంటలూ, తెలుగులోనే మాట్లాడొచ్చు. సైన్యం వాళ్లకోసం 2023లో పుణేలోని సైనిక మెడికల్ కాలేజీ ఏఎఫ్ఎంసీలో సెపరేట్ టెలీ మానస్ సెల్ కూడా పెట్టారు.