పుట్టినరోజు పువ్వు మన పెరట్లోంచే

పుట్టిన నెల పువ్వు అని వెతికితే కార్నేషన్, డాఫోడిల్ అంటూ మన ఊళ్లో దొరకనివే వస్తాయి. దానికి బదులు పుట్టినరోజుకి వారం ముందు, వారం తర్వాత మన చుట్టుపక్కల ఏది విరగబూస్తుందో చూసి అదే ఖాయం చేసుకోండి. మందారం, కనకాంబరం దాదాపు ఏడాదంతా పూస్తాయి కాబట్టి పక్కన పెట్టేయొచ్చు.

ఫిబ్రవరి చివర, మార్చిలో పుడితే మోదుగ. ఏప్రిల్‌లో మల్లె, మేలో రేల. బతుకమ్మ రోజులకి తంగేడు, గునుగు. డిసెంబరులో ఊదారంగు డిసెంబరాలు. వాసన ఉండదు కాబట్టి మధ్యమధ్య మరువం కలిపి కట్టాలి.

అక్టోబరు వాళ్లకి పారిజాతం అంత అందమైనది లేదు. రాత్రే చెట్టు కింద పాత పంచె పరిచి, తెల్లారగానే దులిపి తెచ్చుకోండి. మట్టి అంటదు, నారింజ కాడ నలగదు. ఎండెక్కితే వాడిపోతుంది, అందుకే పొద్దున పూజకే గానీ సాయంత్రం కేకు పక్కన పెట్టడానికి పనికిరాదు. మల్లె దీనికి పూర్తిగా వ్యతిరేకం: మధ్యాహ్నం మొగ్గలు కొని తడిబట్టలో చుట్టి ఉంచితే సాయంత్రానికి విచ్చుకుంటాయి.

తిథి ప్రకారం చేసుకునేవాళ్లకి మాత్రం ఈ లెక్క తప్పుతుంది. ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది, అధికమాసం వచ్చిన ఏడు మరీ ఎక్కువ. అలాంటివాళ్లు వారం పది రోజుల్లో రాలిపోయేవి వదిలేసి, చేమంతిలా రెండు మూడు నెలలు దొరికేదాన్ని ఎంచుకోవాలి. పసిపిల్లలున్న ఇంట్లో గన్నేరు వద్దు, అది విషం.