శాసనసభా కార్యకలాపాలను చదవడం – 4వ పాఠం: కోరం లెక్క

బిల్లు సభలో ప్రవేశించిన నాటి నుంచి ఆమోదం పొందేవరకు దాటే దశలను గత పాఠంలో చూశాం. ప్రతి దశలోనూ మనం అడగవలసిన ప్రశ్న ఒకటి అప్పుడు మిగిలిపోయింది: ఆ సమయానికి సభలో ఎందరు సభ్యులు కూర్చుని ఉన్నారు? సభ జరగడానికి హాజరై ఉండవలసిన కనీస సభ్యుల సంఖ్యనే కోరం అంటారు. ఈ పాఠం ముగిసేసరికి కోరం లెక్కను మీరే వేయగలగాలి. అంతేకాక, ఒక రోజు కార్యకలాపాల నివేదిక చేతికి వచ్చినప్పుడు అందులో ఆ విషయం ఎంతవరకు తెలుస్తుందో, ఎక్కడ తెలియకుండా పోతుందో గుర్తుపట్టగలగాలి.

రాజ్యాంగం 189వ అధికరణ మూడో ఖండం ప్రకారం, రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా వేరే ఏర్పాటు చేసుకోనంతవరకు, సభ జరగడానికి పదిమంది సభ్యులు గాని, మొత్తం సభ్యుల్లో పదో వంతు గాని, ఏది ఎక్కువైతే అంతమంది హాజరై ఉండాలి. వెలగపూడిలో సమావేశమయ్యే మన ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 స్థానాలున్నాయి. పదో వంతు పదిహేడున్నర అవుతుంది. మనిషిని సగం చేసి లెక్కించలేం కనుక కోరం 18. అధ్యక్ష స్థానంలో ఉన్నవారు కూడా ఈ లెక్కలోకి వస్తారు. శాసనమండలిలో 58 మందే ఉన్నందున పదో వంతు ఆరుకు మించదు. అక్కడ పదిమంది అన్న మొదటి కొలత పనిచేసి కోరం 10 అవుతుంది. ఇదే పద్ధతిలో 119 స్థానాల తెలంగాణ శాసనసభకు ఎంతో మీరే వేసి చూడండి, 12 రావాలి.

18 అనే అంకెను మన ఊళ్ల కొలతలో చూద్దాం. గుంటూరు జిల్లాలో ఏడు నియోజకవర్గాలు, విజయవాడ ఉన్న ఎన్టీఆర్ జిల్లాలో ఏడు. ఈ రెండు జిల్లాల శాసనసభ్యులు ఒక్కరూ తప్పకుండా వచ్చి కూర్చున్నా కోరానికి ఇంకా నలుగురు కావాలి. కృష్ణా జిల్లా ఏడుగురు కూడా వస్తే 21 మంది అవుతారు, సభ నడుస్తుంది. అంటే మూడు జిల్లాల ప్రతినిధులతోనే రాష్ట్రమంతటికీ వర్తించే బిల్లును శాసనసభ ఆమోదించవచ్చు. కోరం ఎంత తక్కువ కొలతో ఈ పోలికతో తెలుస్తుంది. ఆ కొద్దిపాటి కొలత కూడా నిలవని సభను ప్రజలు ఉపేక్షించకూడదని నా దృఢాభిప్రాయం.

ఇప్పుడు ఓట్ల లెక్కకు వద్దాం. సాధారణ విషయాలు హాజరై ఓటు వేసినవారిలో మెజారిటీతో తేలుతాయి. సభాపతి మొదట ఓటు వేయరు, ఓట్లు సమానమైతేనే నిర్ణాయక ఓటు వేస్తారు. సరిగ్గా 18 మంది ఉన్న సభలో 17 మంది ఓటు వేస్తే తొమ్మిది ఓట్లతో బిల్లు నెగ్గుతుంది. కొందరు ఓటు వేయకుండా కూర్చుంటే ఇంకా తక్కువ చాలు. కొన్ని తీర్మానాలకు మాత్రం రాజ్యాంగం ఎత్తైన గడప పెట్టింది. శాసనమండలి రద్దును కోరుతూ 2020 జనవరి 27న మన శాసనసభ చేసిన తీర్మానానికి 169వ అధికరణ కింద మొత్తం సభ్యుల్లో మెజారిటీ, అంటే కనీసం 88 మంది, అవసరమయ్యారు. దానితోపాటు హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు కూడా కావాలి. ఆ రోజు అనుకూలంగా 133 ఓట్లు పడ్డాయి. అటువంటి చోట అంకె నివేదికలోకి ఎక్కుతుంది. మూజువాణి ఓటుతో, అంటే సభ్యులు నోటితో అవునని, కాదని చెప్పడంతో నెగ్గిన బిల్లు దగ్గర ఏ అంకే ఉండదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సమావేశం మధ్యలో కోరం లేకపోతే సభను వాయిదా వేయడం గాని, కోరం వచ్చేదాకా నిలిపివేయడం గాని అధ్యక్ష స్థానంలో ఉన్నవారి విధి అని 189వ అధికరణ నాలుగో ఖండం చెబుతోంది. అపార్ట్‌మెంట్ సంఘాల నిబంధనల్లో, అరగంట ఆగి వచ్చినవారితోనే సమావేశం జరుపుకోవచ్చన్న వెసులుబాటు తరచూ కనిపిస్తుంది. శాసనసభకు రాజ్యాంగం అటువంటి వెసులుబాటు ఇవ్వలేదు. అయితే చట్టసభల్లో ఆనవాయితీగా సభ్యుల్లో ఒకరు లేచి కోరం లేదని గుర్తుచేసినప్పుడే తలలు లెక్కపెడతారు, గంట మోగిస్తారు. ఎవరూ లేవకపోతే సభ అలాగే సాగుతుంది. తరువాత న్యాయస్థానానికి వెళదామంటే, విధానంలో లోపం జరిగిందన్న కారణంతో సభా కార్యకలాపాల చెల్లుబాటును ప్రశ్నించరాదని 212వ అధికరణ అడ్డువస్తుంది. కాబట్టి ఆ ప్రశ్న వేయడానికి తగిన సమయం ఆ క్షణమే, తగిన చోటు ఆ సభే, వేయవలసినది మనం ఎన్నుకున్న సభ్యుడే. 1976 నాటి 42వ సవరణ కోరం గురించి చెప్పే 189వ అధికరణ మూడు, నాలుగు ఖండాలనూ తొలగించాలని చూసింది. అది అమలులోకి రాకముందే 44వ సవరణ ఆ ప్రయత్నాన్ని రద్దు చేసింది.

హాజరు పట్టీలోని సంతకాన్ని కోరానికి రుజువుగా తీసుకోకండి. ఉదయం వచ్చిన సంగతిని అది చెబుతుంది, సాయంత్రం ఓటు సమయంలో సభ్యుడు ఉన్నాడో లేదో చెప్పదు. 190వ అధికరణ ప్రకారం అనుమతి లేకుండా 60 రోజులపాటు అన్ని సమావేశాలకూ రాని సభ్యుని స్థానాన్ని సభ ఖాళీగా ప్రకటించవచ్చు. కాని సభ వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలం ఆ లెక్కలోకి రాదు. సమావేశాలు కొద్ది రోజులే జరిగే చోట 60 నిండడానికి ఎంత కాలం పడుతుందో ఊహించండి.

అభ్యాసం: శాసనసభలో సభాపతితో కలిపి 20 మంది ఉన్నారు, ఆరుగురు సభ్యులు ఓటు వేయలేదు, బిల్లు నెగ్గడానికి ఎన్ని ఓట్లు కావాలి? మండలిలో అధ్యక్ష స్థానంలో ఉన్నవారితో కలిపి 11 మంది ఉండగా ఇద్దరు బయటికి వెళ్లారు. అధ్యక్ష స్థానంలో మీరే ఉంటే ఏం చేస్తారు? ఆ తరువాత ఏదైనా ఒక రోజు సభా నివేదిక తీసుకుని, ఓట్ల అంకె కనిపించిన చోట్లను, మూజువాణి అని మాత్రమే ఉన్న చోట్లను విడివిడిగా రాసుకోండి. ఆ కాగితం 5వ పాఠంలో, ప్రశ్నోత్తరాల సమయం గురించి చదివేటప్పుడు కావలసి వస్తుంది.